కారో-కాన్ అడ్వాన్స్: మూడో ఎత్తులో బిషప్పా, బంటా?

కారో-కాన్ అంటే చదరంగంలో తెలుపు ఈ4కి నలుపు సీ6తో, తర్వాత డీ5తో జవాబిచ్చే ఆరంభం; అందులో తెలుపు బంటుని ఈ5కి తోయడమే అడ్వాన్స్. తెలుపు ఈ4, డీ4 తర్వాత ఈ5కి బంటు తోసినప్పుడు నలుపుకి రెండు మంచి దారులున్నాయి: బిషప్ ఎఫ్5, లేదా బంటు సీ5. 1961 ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో టాల్ మీద బొత్విన్నిక్ రెండూ ఆడాడు.

బిషప్ ఎఫ్5 ఆడేవాళ్లు ముందు నేర్చుకోవాల్సింది టాల్ ఆడిన హెచ్4 ఎత్తు. దానికి అలవాటుగా ఈ6 ఆడితే పావు పోయినట్టే: జీ4, బిషప్ ఈ4, ఎఫ్3, బిషప్ జీ6, హెచ్5. బిషప్ వెళ్లడానికి గడి ఉండదు. కాబట్టి వెంటనే హెచ్5 ఆడి జీ4ని ఆపండి. దీనికి మూల్యం జీ5 గడి. తెలుపు బిషప్పో గుర్రమో అక్కడ దిగితే ఇక హెచ్ బంటుతో తరమలేం. తెలుపు నెమ్మదిగా గుర్రం ఎఫ్3, బిషప్ ఈ2 ఆడితే మాత్రం, ఈ6 తర్వాత సీ5తో కేంద్రాన్ని కొట్టడమే నాకు నచ్చుతుంది.

మూడో ఎత్తులోనే సీ5 ఆడితే చదవాల్సింది తక్కువ. తెలుపు బంటు తీసుకుంటే ఈ6 ఆడండి. బిషప్ ఈ3తో ఆ బంటుని కాపాడితే గుర్రాన్ని హెచ్6 లేదా ఈ7 మీదుగా ఎఫ్5కి చేర్చి ఆ బిషప్ మీదే దాడి చేయాలి. బీ4తో కాపాడితే ఏ5. చాలామంది ఓడేది ఇక్కడ ఆలస్యం చేసే. తెలుపు పావులన్నీ బయటికొచ్చాక ఆ అదనపు బంటు నిజంగానే అదనమవుతుంది.

క్లబ్ స్థాయి బ్లిట్జ్‌కి (కొద్ది నిమిషాల వేగపు ఆటకి) సీ5, లాంగ్ గేమ్‌లకి బిషప్ ఎఫ్5 అంటాను.