మెషీన్ ఖాళీగా ఉంటే

"మెషీన్ ఖాళీగా ఉందని మట్టిని తొందరపెట్టకు" అన్నారు మా ల్యాబ్ ఇన్‌ఛార్జ్ అందరి ముందూ. ఆమె గొంతు పెంచలేదు. అయినా ఆ మాట ఇంకా గుచ్చుతూనే ఉంది.

నేనడిగింది ఒక్కటే. నీళ్లు నిండిన ఇసుక గొట్టంలో సక్షన్ (నీటిని బయటికి లాగే బలం) పెంచాం, నీరు ఇంకా సర్దుకుంటోంది, ఎక్స్‌రే స్కానర్ ఊరికే ఉంది, ఈలోగా ఒక స్కాన్ తీద్దామా అని. రేపటిదాకా ఆగమన్నారు.

ఒక్క మెషీన్ కోసం నెలల తరబడి వంతుకు ఎదురుచూసి చదువుకున్న మనవాళ్లకి ఈ ఆరాటం నేను చెప్పక్కర్లేదు. వంతు వచ్చాక నిమిషం కూడా వృథా పోనివ్వం. దాన్ని ఓపిక లేకపోవడం అనుకుంటే బాధేస్తుంది. మనకున్నంత ఓపిక ఎవరికుంది?

ఆమె చెప్పిన శాస్త్రం తప్పనను. సక్షన్ పెంచితే ఇసుక గింజల మధ్య ముందు పెద్ద రంధ్రాలు ఖాళీ అవుతాయి, అదీ ఒక్క ఉదుటున. 1930లో మట్టి శాస్త్రవేత్త హేన్స్ వర్ణించిన ఈ గెంతులు మిల్లీసెకన్లలో అయిపోతాయి. ఆలస్యమంతా ఆ తర్వాతే. మిగిలిన నీరు గింజలు ఆనుకునే చోట్లా, మూలల్లోనూ సర్దుకోవాలి, మట్టి ఆరేకొద్దీ దానికి దారులు సన్నబడిపోతాయి. మా స్కానర్, అంటే మైక్రో సీటీ, గొట్టాన్ని తిప్పుతూ వందల ఎక్స్‌రేలు తీసి త్రీడీ చిత్రం కడుతుంది. ఈలోపు నీరు కదిలితే దాని అంచు మసకబారుతుంది.

అసలే నీటిని గుర్తుపట్టడం కష్టం. అది ఎక్స్‌రేని గింజకంటే తక్కువ, గాలికంటే చాలా ఎక్కువ ఆపుతుంది కాబట్టి చిత్రంలో నడిమి బూడిద రంగులో ఉంటుంది. గింజకీ గాలికీ సరిహద్దులో పడిన వాక్సెల్ (త్రీడీ చిత్రంలోని అతి చిన్న ఘనం) కూడా, రెండింటి సగటుగా, ఆ రంగే చూపిస్తుంది. పొడి గింజ చుట్టూ లేని నీటి పొర కనిపిస్తుంది! నీళ్లలో ఎక్స్‌రేని బాగా ఆపే పొటాషియం అయొడైడ్ కలిపి తేడా పెంచేది అందుకే. దీనికి మసక తోడైతే నీటి కొలత నమ్మలేం.

ఇదంతా తెలిసే అడిగాను. నాకు కావలసింది కొలత కాదు, ఆ మసకే. నిలకడకు వచ్చిన చోట అంచు స్పష్టంగా ఉంటుంది, మసక ఉన్న చోట నీరు ఇంకా నడుస్తోందన్నమాట. స్విట్జర్లాండ్‌లోని స్విస్ లైట్ సోర్స్ అనే సింక్రోట్రాన్‌లో (చాలా తీవ్రమైన ఎక్స్‌రేలిచ్చే భారీ యంత్రం) సెకన్ల వ్యవధి స్కాన్లతో రాతి రంధ్రాల్లో హేన్స్ గెంతులనే చూశారు. మాకు అంత వేగం లేకపోయినా, వరసగా స్కాన్లు తీస్తే ఏ మూల ఎప్పుడు కుదురుకుందో తెలుస్తుంది. 'రేపటిదాకా' అన్న గడువు సరిపోతుందో, ఎక్కువో కూడా తేలుతుంది.

ఆమెకు ఇదే మెయిల్ రాశాను. ఎవరూ బుక్ చేయని ఆదివారం రాత్రి స్లాట్ ఇమ్మన్నాను. జవాబు ఇంకా రాలేదు. ఇసుక మాత్రం కడిగి, ఆరబెట్టి, జల్లించి సిద్ధంగా ఉంచాను.