ఎల్‌ఎండీలో గాలం: ఈ ఏడాది నీళ్లతో పాటు మార్చిన లెక్కలు

కరీంనగర్ దగ్గర దిగువ మానేరు డ్యాం (ఎల్‌ఎండీ)లో గాలం వేసేవాళ్లను ఏ ఎర వాడుతున్నారని అడిగితే గంటసేపు చెబుతారు. నిన్నటికీ ఇవాళ్టికీ నీళ్లు ఎంత దిగాయని అడిగితే దిక్కులు చూస్తారు. డ్యాం పూర్తి మట్టం 920 అడుగులు, నిల్వ 24 టీఎంసీలు. పేపర్లో వచ్చే ఆ అంకెల కన్నా మట్టం ఎక్కుతోందా, దిగుతోందా అన్నదే నాకు ఎక్కువ పనికొస్తోంది.

తిమ్మాపూర్ వైపు వెళ్లగానే నీటి అంచున గాట్లు పెట్టిన పుల్ల ఒకటి గుచ్చుతాను. లేచేముందు ఏ గాటు దగ్గరుందో చూసుకుంటే చాలు. ఇంకోటి తెల్ల ప్లాస్టిక్ మూత. మధ్యలో బోల్టు బిగించి తాడు కట్టాను. నీళ్లలోకి వదిలితే జానెడు లోపే మాయమైందంటే ఒండ్రు నీళ్లైనా అయ్యుండాలి, నాచు పట్టి పచ్చబడైనా ఉండాలి.

మార్చి, ఏప్రిల్: యాసంగి వరికి కాకతీయ కాలువలోకి నీళ్లు పోతున్నాయి. మట్టం దిగేకొద్దీ రవ్వ, బొచ్చె చేపలు మానేరు పాత పాయ వైపు లోతుకు జరిగాయి. అంచున మిగిలేది జిలేబీ చేపలే. నీళ్ల మీద తేలే బెండు తీసేసి, బరువైన సీసం గుండుతో దూరంగా అడుగుకు వేస్తే మోసు, బంగారుతీగ పడ్డాయి. తవుడు, పల్లి చెక్క, కొంచెం గోధుమపిండి కలిపిన ముద్దే ఎర. కాలువ బంద్ పెట్టిన వారం మట్టం నిలబడితే రవ్వలు మళ్లీ కాస్త పైకి వచ్చాయి.

మే: కష్టమంతా ఈ నెలలోనే. ఎండకు భయపడి అందరం తెల్లవారుజామున వెళ్తాం. కానీ నీళ్లు పచ్చగా ఉన్నప్పుడు ఆ సమయమే చెడ్డది. పగలు ఆక్సిజన్ వదిలే నాచే రాత్రంతా దాన్ని పీల్చుకుంటుంది. పైగా వేడి నీళ్లలో అది కరిగేదే తక్కువ: 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములైతే, 30 దగ్గర ఏడున్నర. సూర్యోదయానికి ముందు మరీ అడుగంటుతుంది. మడుగుల్లో చేపలు పైకి తేలి మూతులు తెరుస్తూ మూసుకుంటూ ఉంటాయి. చూస్తే ఎగబడి తింటాయేమో అనిపిస్తుంది, ముక్కు ముందు ఎర పెట్టినా ముట్టవు. ఎనిమిది దాటి ఎండ ఎక్కాక బెండు కదలడం మొదలైంది. కొర్రమీనుకు ఈ బాధ లేదు, అది పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది. అందుకే అప్పుడు తుంగ పక్కన అదొక్కటే దొరికింది.

జూన్‌లో పడమటి గాలి మొదలైతే అలలు కొట్టే ఒడ్డుకు మారాలి. అక్కడ గాలి బాగా కలుస్తుంది, కొట్టుకొచ్చిన మేతా పోగవుతుంది. బెండు నిలవదు, చిరాకే. అయినా నిలిచిన నీళ్ల కన్నా నయం.

కొత్త నీరు వచ్చిన మొదటి రెండు మూడు రోజులు నేనైతే ఇంట్లోనే ఉంటాను. ఎర్రటి నీళ్లలో చెత్త తీగకు చుట్టుకోవడం తప్ప ఒరిగేదేం లేదు. మూత జానెడు దాటి కనబడుతుంటే, పుల్ల మీద గాట్లు మునుగుతుంటే వెళ్లాలి. ఎండాకాలం నీళ్లు దిగి బయటపడి, గొడ్లు మేసిన శిఖం భూమి మీదికి నీళ్లెక్కుతాయి. మునిగిన గడ్డిలో పురుగులు, ఎర్రలు (వానపాములు) ఉంటాయి. వాటి కోసం చేపలు మోకాలి లోతు దాకా వస్తాయి. దూరం విసిరేవాళ్లు చేపల్ని దాటి విసురుతున్నట్టే! చిన్న కొక్కేనికి ఎర్ర గుచ్చి, బెండు మూరెడు ఎత్తులో కట్టి గడ్డి అంచునే వదిలితే జెల్లలు, రవ్వలు వరుసగా తగిలాయి. ఇదే కాలంలో గడ్డి పక్కన ఎర్రటి చేపపిల్లల గుంపు తేలుతుంటే అక్కడ గాలం వేయకండి. అవి కొర్రమీను పిల్లలు, కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. వాటిని లాగేస్తే మిగతా చేపలు ఆ పిల్లల్ని మిగల్చవు.

ముందుగా మత్స్యకారుల సంఘాల వాళ్లను అడిగే కూర్చుంటాను. వలలు ఎక్కడ కట్టారో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఇప్పుడు అక్టోబరు చివర. డ్యాం నిండుగా ఉంది, మూత మూరెడు లోతు దాకా కనబడుతోంది, పుల్ల మీద గాటు మారడం లేదు. తేట నీళ్లకు 0.30 మి.మీ. తీగ మందమై 0.25కు దిగాను. బెండు ఛాతీ లోతుకు కట్టి సాయంత్రాలు బొచ్చె కోసం చూస్తున్నాను. యాసంగికి కాలువ వదిలేదాకా ఈ అమరికే ఉంచుతా, ఆ తర్వాత మళ్లీ సీసం గుండే.