మీటింగ్ దొరికేదాకా

మందు మానాలని గట్టిగా అనుకున్నాక నేను ముందు వెళ్లింది డాక్టర్ దగ్గరికి. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే వణుకు, చెమటలతో పోకపోవచ్చు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత లేనివి కనిపించి, మనిషి అయోమయంలో పడి, ప్రాణం మీదికి రావచ్చు. దయచేసి ఈ మెట్టు ఎవరూ దాటేయొద్దు. ఆ గండం గడిచాక డాక్టర్ అన్నారు: "ఒంటికి చేయాల్సింది చేశాం. ఇక మానినవాళ్ల మధ్య కూర్చోవడం మొదలుపెట్టండి."

పక్కనే ఉన్న అక్క వెంటనే అడిగేసింది, కూర్చుని మాట్లాడుకుంటే తాగుడు పోతుందా అని. దానికాయన విసుక్కోలేదు. 2020లో వైద్య పరిశోధనల్ని కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ వాళ్లు 27 అధ్యయనాలు కలిపి చూశారని, ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్లు కలిసి కూర్చునే గ్రూపులు) వైపు నడిపించే చికిత్సలు తీసుకున్నవాళ్లు పూర్తిగా మానేసి నిలబడటంలో మిగతా పేరున్న చికిత్సల కంటే మెరుగ్గా ఉన్నారని తేలిందని చెప్పారు. అక్క నమ్మింది. నేను మాత్రం భయంతో తల ఊపాను.

ఫోన్‌లో వెతికితే ఏఏ మీటింగుల లిస్టు దొరికింది. రోజు, వేళ, అడ్రసు, వాటి పక్కన ఓపెన్ అనో క్లోజ్‌డ్ అనో ఉంది. క్లోజ్‌డ్ అంటే కొత్తవాళ్లని రానివ్వరని కాదు. మానాలనుకునేవాళ్లు మాత్రమే కూర్చునే మీటింగ్ అది. ఓపెన్ మీటింగ్‌కైతే ఇంట్లోవాళ్లూ రావచ్చు. అక్కని తోడు తీసుకెళ్లాలని ఓపెన్ మీటింగ్ చూసుకుని బయల్దేరాం. తీరా వెళ్తే గదికి తాళం. మీటింగ్ వేరే రోజుకి మారిందట, లిస్టులో మాత్రం పాతదే ఉంది. మామూలు మనిషికి అదొక చిన్న చిరాకు. ఉన్న ధైర్యమంతా కూడగట్టుకుని వచ్చినవాడికి తాళం కప్ప చూడగానే కాళ్లు మందు షాపు వైపు లాగుతాయి. అక్క లేకపోతే ఆ సాయంత్రం ఏమయ్యేదో చెప్పలేను.

అందుకే ఇప్పుడు ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే: లిస్టు చూసి వెళ్లిపోవద్దు, ముందు ఫోన్ చేసి మనిషితో మాట్లాడండి. నేను ఏఏ హెల్ప్‌లైన్‌కి చేసి, హలో అని ఆగిపోయాను. అవతలాయన తొందరపెట్టలేదు. "మీ కోసమేనా అండీ, ఇంట్లోవాళ్ల కోసమా?" అన్నారు. నాకేనన్నాను. "నేనూ తాగి మానినవాణ్ణేనండీ" అని, డాక్టర్‌కి చూపించుకున్నానా లేదా కనుక్కున్నారు. ఇంటిపేరు, ఉద్యోగం ఏవీ అడగలేదు. "రేపు సాయంత్రం గేటు దగ్గరే నిలబడి ఉంటాను. వచ్చేముందు ఒక్క ఫోన్ కొట్టండి" అన్నారు. అన్నట్టే నిలబడ్డారు.

ఏఏ పుట్టిన కథలో కూడా ఇలాంటి ఫోనే ఉందని తర్వాత తెలిసింది. 1935లో బిల్ డబ్ల్యూ అనే న్యూయార్క్ ఆయన వ్యాపారం పనిమీద అమెరికాలోనే ఏక్రన్ అనే ఊరు వెళ్లారు. అప్పటికి తాగుడు మాని కొన్ని నెలలే. పని చెడింది, హోటల్లో బార్ పక్కనే ఉంది. మళ్లీ తాగేస్తానేమోనన్న భయంతో అక్కడి చర్చిల వాళ్లకి ఫోన్లు చేసి, తనలాంటి తాగుబోతు ఎవరైనా ఉంటే మాట్లాడాలన్నారు. అలా కలిసినాయనే డాక్టర్ బాబ్, సర్జన్. ఆయన చివరిసారి తాగిన జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా లెక్కపెడతారు.

గదిలో కుర్చీలు గుండ్రంగా వేశారు, గోడకి తాగుడు మానడానికి ఏఏ చెప్పే 12 మెట్ల చార్టు. ఫీజు లేదు, హాజరు పట్టీ లేదు. డబ్బులు వేసే సంచీ తిరుగుతుంది, అది నా దాకా వస్తే పక్కాయన "కొత్తవాళ్లు వేయక్కర్లేదండీ" అని ముందుకి పంపించేశారు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డురారు, సలహాలివ్వరు. నా వంతు వచ్చినప్పుడు "ఇవాళ వింటానండీ" అన్నాను, చాలన్నారు. ఎవరేం చెప్పారో రాయను, అక్కడ విన్నది అక్కడే వదిలేసి రావాలి. నా సంగతి చెప్పుకోవచ్చు కాబట్టి చెప్తాను: నేను సీసాని బూట్ల పెట్టెలో కాగితాల కింద దాచేవాణ్ణి. తర్వాతెప్పుడో అది బయటపెడితే ఎవరి ముఖంలోనూ ఆశ్చర్యం లేదు. ఇద్దరు ముగ్గురు తలలూపారు.

అన్ని గ్రూపులూ ఒకేలా ఉండవు. ఒక చోట ప్రార్థన ఎక్కువ, ఇంకో చోట మాటలెక్కువ. దేవుడి ప్రస్తావన మెట్లలోనే ఉంది, ఎవరికి అర్థమైన దేవుణ్ణి వాళ్లే అనుకోవచ్చంటారు. అదీ మింగుడుపడనివాళ్లకి స్మార్ట్ రికవరీ లాంటి వేరే గ్రూపులున్నాయి. బయటికి కదల్లేనివాళ్లకి ఆన్‌లైన్ మీటింగ్‌లున్నాయి. ఒక గది నచ్చలేదని మొత్తం వదిలేయకండి, ఇంకో గది చూడండి.

నేను చివరికి కుదురుకున్న గ్రూపు ఇంటికి దగ్గరదేం కాదు. రోజూ నేను తాగడం మొదలుపెట్టే వేళకే ఆ మీటింగ్ ఉంటుంది, అందుకని ఎంచుకున్నాను. స్పాన్సర్, అంటే ముందే మాని కొత్తవాళ్లకి తోడుండే పాత సభ్యుడు, కూడా అక్కడే దొరికారు. మనసు లాగినప్పుడు అర్ధరాత్రయినా ఆయనకి ఫోన్ చేస్తాను. అక్క తన కోసం అలనాన్‌లో చేరింది, అది తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల గ్రూపు. వెళ్లొచ్చాక నన్ను ప్రశ్నలు వేయడం మానేసింది, తన నిద్ర గురించి మాట్లాడుతోంది.