మోకాలి ఆపరేషన్‌కి ముందు నా ఆరు వారాలు

వచ్చే సోమవారం నా కుడి మోకాలికి మార్పిడి ఆపరేషన్. గుజ్జు అరిగిపోయి ఎముకకి ఎముక రాసుకుంటోంది, ఎక్స్‌రేలో నాకే కనిపించింది. తెనాలిలో 31 ఏళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. మిషన్‌కి మోటారు బిగించుకుని నాలుగేళ్లే అయింది, అంతవరకూ కాలితో తొక్కుడే.

డేట్ ఇచ్చిన రోజే డాక్టరుగారు ఫిజియోథెరపీ గదికి పంపారు. ఎక్సర్‌సైజులు ఆపరేషన్ అయ్యాక కదా, ఇప్పుడెందుకు అనుకుంటూ వెళ్లాను. అక్కడున్న అమ్మాయి నా తొడల మీద చెయ్యి వేసి చూసి, "ఆంటీ, మీ దగ్గర టేపు ఉంటుంది కదా, ఇంటికెళ్లి రెండూ కొలుచుకోండి" అంది. మోకాలి చిప్పకి 4 అంగుళాల పైన మార్కింగ్ చాక్‌తో గీత పెట్టి కొలిచాను. ఎడమ తొడ 18½ అంగుళాలు. కుడిది 17½. ఇన్నేళ్లుగా ఊళ్లో అందరి కొలతలూ తీసుకుంటున్నాను, నా కాలు అంగుళం చిక్కిపోయిన సంగతి తెలియలేదు.

నొప్పికి భయపడి ఆ కాలి మీద బరువు వెయ్యకపోతే తొడ ముందు కండ కరిగిపోతుందట. ఆపరేషన్ అయ్యాక వాపు వల్ల, నొప్పి వల్ల అదే కండ ఇంకా మొద్దుబారి కొన్ని వారాలు మాట వినదట. నాకు వెంటనే అర్థమైంది. చివికిపోయిన గుడ్డకి ఎంత గట్టి అతుకు వేసినా, అతుకు పక్కనే చిరుగుతుంది.

మొదటి ఎక్సర్‌సైజు చూడటానికి ఏమీ లేదు. చుట్టిన టవల్ మోకాలి కింద పెట్టుకుని కిందికి నొక్కాలి, ఐదు లెక్కపెట్టి వదలాలి. పదిసార్లు, రోజుకి మూడు పూటలు. మొదటిరోజు ఎంత ప్రయత్నించినా టవల్ నలగలేదు. తొడకి బదులు పిరుదులు బిగిస్తున్నానట. తొడ మీద వేళ్లు పెట్టుకుని చెయ్యమంది. నాలుగో రోజు వేళ్ల కింద కండ బిగుసుకోవడం, మోకాలి చిప్ప రవ్వంత పైకి జరగడం తెలిసింది. ఆ రోజు ఎంత సంతోషం వేసిందో! ఊపిరి బిగపట్టకుండా అంకెలు పైకే చెప్పాలి. నేను మొదలుపెడితే వంటింట్లోంచి మా ఆయన కూడా అందుకునేవారు.

తర్వాత ఎడమ మోకాలు మడిచి, కుడికాలు వంచకుండా అడుగెత్తు లేపి మెల్లగా దించడం. రెండో వారం చీలమండకి అరకిలో బరువు కట్టుకోమంది. పాత జీన్స్ గుడ్డతో సంచి కుట్టి, కొట్లో అరకిలో ఇసుక తూయించి పోసి, నాడాలు పెట్టాను. రెండు వరసల కుట్టు వేశాను, ఇసుక ఒక్క రేణువు రాలలేదు.

మూడో వారం ఉత్సాహం ఎక్కువై ఒకే పూట యాభైసార్లు లేపాను. మోకాలు వాచి రెండు రోజులు మెట్లు దిగలేకపోయాను. మర్నాటికి నొప్పి పెరిగి ఉంటే తగ్గించుకోవాలని అప్పుడు చెప్పింది ఆ అమ్మాయి. ముందే చెప్పి ఉంటే బాగుండేది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికన్నా కష్టమైంది రాత్రి మోకాలి కింద దిండు మానెయ్యడం. దిండు హాయిగానే ఉంటుంది, కానీ కాలు వంపుకి అలవాటుపడి పూర్తిగా చాపుకోదు. ఇప్పుడు పొద్దుగూకాక పది నిమిషాలు మడమ కింద టవల్ పెట్టుకుని కాలు చాపుతున్నాను.

షుగర్ అదుపులోకి వచ్చింది, పుచ్చిన పన్నుకి వైద్యం అయింది, రెండు కిలోలు తగ్గాను. పక్కింటి పిన్నిగారి వాకర్ తెచ్చుకుని నడక నేర్చుకున్నాను: ముందు వాకర్, తర్వాత ఆపరేషన్ కాలు, ఆ తర్వాత మంచికాలు. మెట్లెక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. నొప్పిలో కొత్తగా నేర్చుకోవడం కంటే ఇప్పుడే అలవాటు చేసుకోవడం మేలు. మీ అమ్మకో అత్తగారికో డేట్ ఇచ్చి ఉంటే దయచేసి ఈ రోజుల్ని ఊరికే పోనివ్వకండి, ఫిజియోకి చూపించండి.

ఇవాళ మళ్లీ టేపు పెట్టాను. 17½ దగ్గరే ఉంది. మనసు చివుక్కుమంది. కండ పెరగడానికి ఇంకా టైమ్ పడుతుంది, బలం ముందు వస్తుంది అంది ఫిజియో. నిజమే. మొదట్లో కుర్చీలో రెండు దిండ్లు వేసుకున్నా చేతులు ఆనించకుండా లేవలేకపోయేదాన్ని. పొద్దున దిండు లేకుండా పన్నెండుసార్లు లేచాను.

ఆస్పత్రి బ్యాగులో రెండు నైటీలు, టవల్, టేపు సర్దాను. ఇసుక సంచి మిషన్ పక్కనే ఉంచాను. మళ్లీ ఎప్పుడు కట్టుకోవచ్చో ఆ అమ్మాయిని అడగాలి.