చిన్నోడి గోధుమ మూట

పదకొండున్నర దాటింది, నిద్ర రావట్లా. కిటికీలోంచి చూస్తే వసారాలో ఆ మూట కనపడతానే ఉండాది. పొద్దుపోయేదాకా ఏం మాట్లాడకూడదు అనుకున్నా, కానీ ఇక్కడన్నా రాసుకోకపోతే నాకు తెల్లారదు.

మధ్యాన్నం చిన్నోడు వచ్చాడు. అమ్మ చేపల పులుసు పెట్టింది, మామిడికాయ వేసి, చాలా బాగుంది. అందరం కూర్చున్నాం, అంతా బాగానే ఉండాది, అప్పుడు బండి మీద నించి ఇరవై కిలోల మూట దించాడు. "అక్కా, షర్బతి గోధుమ, మధ్యప్రదేశ్ నించి వచ్చింది, ఈసారి చెరువు వెనక మెట్టలో అరెకరం చల్లుదాం" అన్నాడు. నారుమడికి వడ్లు ఇంకా తేలా, వానలు మొదలయిపోయినాయి, కాలవ నీళ్ళు వచ్చేస్తాయి, ఈయనేమో గోధుమలు తెచ్చాడు.

మూట తిప్పి తిప్పి చూశా. ట్యాగ్ లేదు, లాట్ నంబరు లేదు, ఏ సంవత్సరం గింజో లేదు. ఏ రకంరా అంటే "షర్బతి" అంటాడు. షర్బతి అనేది బజార్లో పిలిచే పేరు, రకం పేరు కాదు. మధ్యప్రదేశ్‌లో సీహోరు జిల్లా పక్క షర్బతి అని అమ్మేదాంట్లో ఎక్కువ భాగం సీ-306 అనే పాత రకం, 1965లో వచ్చింది, నీళ్ళు తక్కువున్నా తట్టుకుంటది, చపాతీకి పేరు. కానీ అక్కడ నల్లరేగడి, వానాకాలం తేమ నేలలో నిలబడి ఉంటది, చలికాలం రాత్రుళ్ళు 10 డిగ్రీల దాకా దిగుతాయి. ఆ చలికి పిలకలు, అంటే మొదట్లోంచి పక్క కాడలు, పెడతది గోధుమ. మన కోస్తాలో సంక్రాంతి చలంటే 20 దగ్గర ఆగిపోద్ది. చలి చాలకపోతే పిలకలు తక్కువ, వెన్ను ముందే వచ్చేస్తది, గింజ పాలుపోసుకునేటప్పుడు ఎండ తగిలితే ముడుచుకుపోద్ది. నవంబర్లో చల్లితే మన వానలకి కుళ్ళిపోద్ది, డిసెంబర్ దాకా ఆగితే మార్చి ఎండకి దొరికిపోద్ది. ఈ రెండిటికీ మధ్య సందేదిరా అంటే "వీడియోలో ఎకరానికి ఇరవై క్వింటాళ్ళు చూపించారక్కా" అంటాడు. ఏ ఊర్లో తీసిన వీడియో, ఏ నెలలో చల్లారు, అదేం అడగలా.

కోపం వచ్చిందంటే నిజంగా వచ్చింది. దిగుబడి ఒక్కటే చూసి విత్తనం కొనేవాళ్ళంటే నాకు పడదు. ఎన్ని రోజుల పంట, పూతకి ఏ నెల వస్తది, అప్పుడు మన ఊర్లో మంచు పడద్దా ఎండ కాస్తదా, అది కదా ముందు చూడాల్సింది.

నాయన విషయంలో జరిగింది అదే గదా. 2013 సంక్రాంతి అనుకుంటా. బీపీటీ 5204 అనే వరి, అదే సాంబా మసూరి, వేశాడు మొత్తం ఆరెకరాలు. సాంబా మసూరి అంటే నాయనకి ప్రాణం, అన్నం ఎంత బాగుంటదో మీకు తెలుసు. కానీ 145, 150 రోజుల పంట, పైగా మంచు తేమకి వచ్చే అగ్గితెగులుకి తట్టుకోలేదు. ఆ ఏడు నాట్లు ఆలస్యమైనాయి, వెన్ను తీసే సమయానికి తెల్లారుజామున కయ్యంతా మంచు, ఆకుల మీద నీళ్ళు తొమ్మిదింటి దాకా ఆరవు. కనుమ రోజు నాయన వెంట గట్టు మీద పోయా. దూరం నించి చూస్తే కంకులు పండినట్టు తెల్లగా, నిటారుగా నిలబడి ఉండాయి. పండిన వెన్ను వంగాల గదా. నాయన ఒకటి లాగాడు, మెడ దగ్గర నల్లగా చుట్టూ మచ్చ, అక్కడికి విరిగి చేతికొచ్చింది. గింజ గోటితో నొక్కాడు, పొట్టు పొట్టుగా పోయింది, లోపల ఏం లేదు. ఇంకోటి లాగాడు. ఇంకోటి. అట్టా ఒక గుప్పెడు చేతిలో పట్టుకుని గట్టు మీదనే కూర్చుండిపోయాడు, నాతో ఒక్క మాట మాట్లాడలా. ఎకరానికి మూడు పుట్లు రావాల్సింది పుట్టి కూడా రాలా. మా లెక్కలో పుట్టంటే 850 కిలోలు.

ఇది రాస్తా ఉంటే ఇంకోటి గుర్తొచ్చింది, మధ్యాన్నం ఎందుకు గుర్తు రాలేదో. ఆ ఏడు నాట్లకి ముందు నెల్లూరు మసూరి అనే వరి, అదే ఎన్ఎల్ఆర్ 34449, ఒక్క ఎకరమన్నా వేద్దాం నాయనా అని బతిమలాడింది చిన్నోడే. అప్పటికి వాడికి పంతొమ్మిదో ఇరవయ్యో. నెల్లూరు వ్యవసాయ పరిశోధనా కేంద్రం నించి 2009లో వచ్చింది అది, 120, 125 రోజుల్లో కోతకొస్తది, అగ్గితెగులు తట్టుకుంటది. నేనేమన్నానంటే, నాయనకి తెలీదా, నువ్వు నోరు మూసుకో అన్నా. సరిగ్గా ఈ మధ్యాన్నం అన్నట్టే.

కాబట్టి వాడు కొత్తది అన్న ప్రతిసారీ తప్పు కాదు. కానీ 34449 మన మంచులో, మన చలిలో, మన నేల మీద ఏళ్ళ తరబడి చూసి తీసిన రకం, ఈ మూట అట్టా కాదు. రెండూ ఒకటి కాదు. అయినా మధ్యాన్నం నేనన్న మాట కూడా సరైంది కాదు. వాడు అన్నం సగంలో లేచిపోయాడు.

గోధుమ మీదే అంత మనసుంటే కర్ణాటకలో ధార్వాడ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళ రకాలున్నాయి, అక్కడోళ్ళు డీడీకే 1029 లాంటి రవ్వ గోధుమలు కూడా తీశారు, పూణే పరిశోధనా సంస్థ వాళ్ళ మ్యాక్స్ 6222 అనే గోధుమ ఉండాది, దక్షిణాదికని ఇచ్చినవి. అవి కూడా డెక్కన్ పీఠభూమికే, మన కోస్తాకి కాదు, కానీ సీహోరు కన్నా దగ్గర. అయిదు సెంట్లు వేసి చూడరా, అరెకరం వద్దు అని రేపు చెప్తా. ముందు 34449 వడ్లు తెచ్చాక.

ఇప్పుడే లేచి మూట విప్పి వంద గింజలు లెక్కపెట్టా, తడిగుడ్డలో చుట్టి కుండ పక్కన పెట్టా. చప్పుడికి అమ్మ లేచి "ఈయేళప్పుడు ఏందమ్మే" అంది. ఎల్లుండికి ఎన్ని మొలిచినాయో చూసి చిన్నోడికి ఫోన్ చేస్తా. ఒకేళ రేపు పొద్దున్నే చేస్తానేమో.