డబ్లిన్ నుంచి డెర్రీకి, సంచిలో వీసాతో

డబ్లిన్ నుంచి డెర్రీకి బస్సులో నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల కోసం నేను నెలకు పైగా ఎదురుచూశాను. ఐర్లాండ్‌లో ఉద్యోగం ఉన్నా, చేతిలో ఐఆర్‌పీ కార్డు (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు) ఉన్నా, మన పాస్‌పోర్టుతో డెర్రీ ఉన్న ఉత్తర ఐర్లాండ్‌లో అడుగుపెట్టాలంటే బ్రిటన్ వీసా కావాలి. అది బ్రిటన్‌లో భాగం మరి. "అక్కడ ఎవడు చూస్తాడ్రా, బస్సెక్కి వెళ్లిపో" అన్నారు మావాళ్లు. చూడరని నాకూ తెలుసు. కానీ చూస్తే? ఆ టెన్షన్ పడలేక వేలిముద్రలిచ్చి, బ్యాంకు స్టేట్‌మెంట్లు జతచేసి వీసా వేయించుకున్నాను.

మోనహన్‌లో ఒక పెద్దాయన ఎక్కి నా పక్కన కూర్చున్నాడు. ఒమాలో ఉన్న కూతురింటికి వెళ్తున్నాడట. సరిహద్దు ఎప్పుడొస్తుందని అడిగితే నవ్వి, "రోడ్డు అంచు చూస్తూ ఉండు" అన్నాడు. కాసేపటికి పక్కన పసుపుపచ్చ గీత కాస్తా తెల్లగీత అయింది. స్పీడు బోర్డుల్లో కిలోమీటర్లు పోయి మైళ్లు వచ్చాయి. ఊళ్ల పేర్ల పక్కన ఐరిష్ భాష మాయమైంది. ఫోన్‌లో రోమింగ్ మెసేజ్ టింగుమంది. అంతే, దేశం మారిపోయింది. డ్రైవరు బ్రేకు మీద కాలు కూడా పెట్టలేదు.

ఆక్నక్లాయ్ ఊరి దగ్గర పెద్దాయన కిటికీలోంచి వేలు చూపించాడు. ఒకప్పుడు అక్కడ బ్రిటిష్ సైన్యం చెక్‌పోస్టు ఉండేదట. 1988 ఫిబ్రవరిలో ఏడన్ మెకనెస్పీ అనే 23 ఏళ్ల కుర్రాడు గేలిక్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి నడిచి వెళ్తూ ఆ చెక్‌పోస్టు దాటగానే సైనికుడి తూటాకు చనిపోయాడు. కాల్చిన సైనికుడు దోషి అని కోర్టు చెప్పింది 2022లో. ముప్పై నాలుగేళ్లు. పెద్దాయన ఆ మాట చెప్పి కాసేపు మాట్లాడలేదు.

ఆ సరిహద్దు గీత 1921 నాటిది, దాదాపు 500 కిలోమీటర్ల పొడవు. అది చెరిగిపోలేదు గానీ కనబడకుండా పోయింది. ఐర్లాండ్, బ్రిటన్ రెండూ 1973 జనవరి 1న ఒకేరోజు యూరోపియన్ కూటమిలో చేరాయి. 1993లో ఉమ్మడి మార్కెట్ వచ్చి కస్టమ్స్ పోస్టుల్ని మూయించింది. 1998 శాంతి ఒప్పందం తర్వాత సైన్యం పోస్టులు లేచిపోయాయి. మనవాళ్లకి జీఎస్టీ గుర్తు చేస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. 2017లో రాష్ట్రాల సరిహద్దుల్లో పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు, లారీల బారు తగ్గింది. బదులుగా పన్ను రేటు సొంతంగా నిర్ణయించుకునే వీలు చాలావరకు రాష్ట్రాలు కౌన్సిల్‌కి వదులుకున్నాయి. ఏదీ ఊరికే రాదు.

నేను అదే అడిగాను పెద్దాయన్ని. "అంత పోరాడి స్వాతంత్ర్యం తెచ్చుకుని మళ్లీ బ్రస్సెల్స్‌లో కూర్చున్న యూరోపియన్ యూనియన్ మాట వినడం ఏమిటండీ?"

"మాకు స్వాతంత్ర్యం వచ్చాక కూడా 1979 దాకా మా పౌండు ఇంగ్లండు పౌండుకే కట్టేసి ఉండేది" అన్నాడు. "వాళ్లు వడ్డీ పెంచితే మాకూ పెరిగేది. అడిగే దిక్కు లేదు. బ్రస్సెల్స్‌లో కనీసం బల్ల దగ్గర మాకో కుర్చీ ఉంది." తర్వాత తనే ఇంకో మాట కలిపాడు. 2010లో దివాలా అంచుకి వచ్చి అప్పు తీసుకున్నాక, 2011లో వాళ్ల బడ్జెట్ వివరాలు డబ్లిన్ పార్లమెంటు కన్నా ముందు జర్మనీ ఎంపీల చేతికి చేరాయట. "ఆ రోజు మాత్రం సిగ్గేసింది." ఈ రెండో మాట ఆయన దాచుకోలేదు, అందుకే మొదటి మాటని నమ్మాను.

డెర్రీ దగ్గరపడుతుంటే బోర్డుల మీద 'లండన్‌డెర్రీ'లో 'లండన్' మీద ఎవరో రంగు పూసేశారు. ఊరి పేరులోనే తగాదా: ఐర్లాండ్‌తో కలవాలనే వాళ్లకి డెర్రీ, బ్రిటన్‌తోనే ఉండాలనే వాళ్లకి లండన్‌డెర్రీ. 1619లో పూర్తయిన కోటగోడ ఇంకా చెక్కుచెదరలేదు, చుట్టూ నడవొచ్చు. ఒకవైపు కింద ఫౌంటెన్ పేట, ఫుట్‌పాత్ అంచులకి కూడా బ్రిటిష్ జెండా రంగులు. ఇంకోవైపు బాగ్‌సైడ్, 1972లో సైన్యం కాల్పుల్లో జనం చనిపోయిన పేట. గోడ మీద నిలబడితే రెండూ కనిపిస్తాయి. మధ్య దూరం మన ఊళ్లో రెండు వీధులంత.

2016 బ్రెగ్జిట్ ఓటింగులో ఈ నియోజకవర్గంలో 78 శాతం మంది యూరోపియన్ యూనియన్‌లోనే ఉందామని ఓటేశారు. ఉత్తర ఐర్లాండ్ మొత్తం మీద కూడా 55.8 శాతం. కానీ బ్రిటన్ మొత్తం కలిపి 51.9 శాతం వద్దంది, వీళ్లూ బయటికి రావాల్సి వచ్చింది. సార్వభౌమత్వం తిరిగి తెచ్చుకుంటున్నాం అన్న బ్రిటన్, ఐర్లాండ్ గడ్డ మీద మళ్లీ చెక్‌పోస్టులు పెట్టలేక కస్టమ్స్ గీతని సముద్రంలో గీసుకుంది. ఇప్పుడు లివర్‌పూల్ నుంచి బెల్‌ఫాస్ట్‌కి వచ్చే సరుక్కి, అంటే సొంత దేశంలోంచి సొంత దేశంలోకి, కాగితాలు చూపాలి. ఫౌంటెన్ పేటలాంటి చోట్ల జనానికి ఇది ఎంత మంటో ఊహించుకోవచ్చు. ఈ కోపంతోనే బ్రిటన్‌తోనే ఉండాలనే పార్టీ డీయూపీ, 2022 నుంచి 2024 దాకా ఉత్తర ఐర్లాండ్ ప్రభుత్వాన్ని నడవనివ్వలేదు. నాకు ఆ పార్టీ మీద ప్రేమేమీ లేదు గానీ, ఈ ఒక్క విషయంలో వాళ్ల బాధ అబద్ధం కాదనిపించింది.

ఒక కాఫీ షాపులో యూరో నోటిచ్చాను. కౌంటర్లో ఉన్నామె తీసుకుంది. చిల్లర పౌండ్లలో ఇచ్చింది. ఆ నాణేలు ఇప్పటికీ నా డ్రాయరులో ఉన్నాయి.

రాత్రి బస్సులో తిరుగు ప్రయాణం. పసుపుపచ్చ గీత మళ్లీ మొదలైన కాసేపటికి బస్సు ఆగింది. యూనిఫాంలో ఇద్దరు ఎక్కి నడవలో మెల్లగా నడుస్తూ వచ్చారు. ముందు సీట్లలో నిద్రపోతున్న వాళ్లని లేపలేదు. నా దగ్గర ఆగి కార్డు అడిగారు. తీసి ఇచ్చాను, టార్చి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కిచ్చారు. బ్రిటన్ వీసా ఉన్న పేజీ తెరిచి పట్టుకున్నాను గానీ, దాన్ని ఎవరూ చూడలేదు.