చాంగ్‌తాంగ్‌లో మేకలు దువ్వే కాలం

లద్దాఖ్‌లోని లేహ్ నుంచి సింధు నది వెంబడే ఉప్షీ, చుమాథాంగ్ మీదుగా వెళ్తే మహే వంతెన వస్తుంది. అక్కడ రోడ్డు నదిని వదిలేసి పైకెక్కుతుంది. సో మొరీరి సరస్సు ఒడ్డున కోర్జోక్ చేరేసరికి 4,500 మీటర్లు దాటాం. నాలుగడుగులు వేస్తే ఆయాసం. జూన్ ఎండ చురుక్కుమంటోంది, నీడలోకి జరిగితే వణుకు. ఇక్కడికి చాలామంది సరస్సు కోసం వస్తారు. నేను వచ్చింది పష్మీనా శాలువాలకు నూగు ఇచ్చే మేకల కోసం.

ఊరి పైనున్న లోయలో, ఈ చాంగ్‌తాంగ్ పీఠభూమి మీద మందలతో తిరిగే చాంగ్‌పా కాపరుల గుడారాలున్నాయి. చాలావరకు తెల్ల గుడ్డవే, ఒకటి మాత్రం జడల బర్రె వెంట్రుకలతో నేసిన నల్లటి రెబో. మా డ్రైవర్ "జూలే, ఆచే-లే" అని ఆ ఇంటావిడను పలకరించాడు. నేనూ ఆ అక్క వరసతోనే పిలిచాను. ఆమె నవ్వి, పని ఆపకుండానే కూర్చోమని చెయ్యి చూపించింది.

మేకను పక్కకు పడుకోబెట్టి కాళ్లు కట్టారు. ఆమె చేతిలో ఇనప పళ్ల దువ్వెన. మెడ దగ్గర మొదలుపెట్టి పొట్ట వైపు లాగుతుంటే, పొడుగు వెంట్రుకల అడుగు నుంచి బూడిద రంగు నూగు పొరలుగా ఊడి వచ్చింది. మేక కాసేపు అరిచి ఊరుకుంది. నొప్పి పుట్టదా అని డ్రైవర్ చేత అడిగించాను. "ఎలాగూ రాలిపోయేదే. ఇప్పుడు తియ్యకపోతే పొదలకు అంటుకుపోతుంది" అంది.

ఈ నూగు మేక చలికాలం కోసం పెంచుకునే లోపలి కోటు. శరదృతువులో పగటి వేళ తగ్గేకొద్దీ బాగా పెరుగుతుంది, వసంతంలో పగలు పెరిగాక కుదుళ్ల దగ్గర వదులవుతుంది. మెరినో లాంటి గొర్రెలకు ఉన్ని ఏడాది పొడుగునా పెరుగుతూనే ఉంటుంది కాబట్టి దానికి కత్తెర కావాలి, దీనికి దువ్వెన చాలు. ఒక్కో పోగు మందం 12 నుంచి 15 మైక్రాన్లు, మన తల వెంట్రుకలో సుమారు ఐదో వంతు. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియలేదు, కానీ అరచెయ్యి క్షణాల్లో వెచ్చబడింది.

ఏడాదికి ఒక్కసారి, మేకకు పావు కిలో అటూఇటూ. అంతే! ఆ పావు కిలో కోసం మైనస్ 30 డిగ్రీల చలిలో మందను మేత ఉన్న చోటికల్లా తిప్పాలి. మంచు ఎక్కువ పడి గడ్డి కప్పుకుపోతే మేకలు ఆకలితో చచ్చిపోతాయి. శాలువా గొప్పతనం చెప్పేటప్పుడు అందరూ నేత పనినే పొగుడుతారు. ఈ కాపరులు గడిపే చలికాలం గురించి కూడా అంతే చెప్పాలని నాకు గట్టిగా అనిపించింది.

తిరిగి వస్తూ లేహ్‌లో నూగును కడిగి, అందులోని ముతక వెంట్రుకలను మెషిన్‌తో వేరుచేసే చోటు చూశాను. మట్టీ వెంట్రుకలూ పోయాక సగం కూడా మిగలకపోవచ్చట. మిగిలింది ఎక్కువగా కశ్మీర్‌కు వెళ్తుంది. అక్కడ ఆడవాళ్లు చరఖా మీద వడుకుతారు. పోగు మరీ సున్నితం కావడంతో మెషిన్ మీద తెగిపోతుంది. అందుకే కొందరు నైలాన్ కలిపి వడికి, నేశాక యాసిడ్‌తో ఆ నైలాన్‌ను కరిగిస్తారు. దాంతో అసలు పోగు కూడా దెబ్బతింటుంది. అంత చలిని కాచిన నూగును అలా పాడుచెయ్యడం నాకు నచ్చలేదు. చరఖా నూలు అని నమ్మకం కుదిరితేనే కొంటాను.